అరకు, లేపాక్షి, రామప్ప దారి, ఆదిలాబాద్: రెండ్రోజులుంటే ఎటు వెళ్ళాలి?

ఈ నాలుగు వైపులా కొండో చెరువో జలపాతమో ఉంటుంది. చూడదగ్గ గుడో మ్యూజియమో ఉంటుంది. తరతరాలుగా ఒకే పని పట్టుకున్న ఊరు ఒకటైనా ఉంటుంది. అందుకే ఫొటోలు చూసి తేల్చుకోబోతే నాలుగూ ఒకేలా కనిపిస్తాయి, తేడా అక్కడికి వెళ్ళాక గానీ తెలియదు. థింసా అనే గిరిజన నృత్యం చూద్దామని అరకు వెళ్ళినవాళ్ళకు రిసార్టు ఆవరణలో కాసేపు సాగే ప్రదర్శన దొరుకుతుంది. తోలుబొమ్మలాట కోసం లేపాక్షి వైపున్న నిమ్మలకుంట వెళ్ళినవాళ్ళకు తోలు లాంపుషేడ్లు కనబడతాయి గానీ ఆట కనబడదు.

కాబట్టి ఊరి పేరు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. చేస్తున్న పని చూడాలా, ఎప్పుడో చేసిపెట్టిన పని చూడాలా, ఆట చూడాలా? మొదటిది మామూలు పనిదినాల్లో దొరుకుతుంది, సెలవు రోజున దొరకదు. రెండోది, అంటే శిల్పం, కుడ్యచిత్రం, ఏ రోజైనా ఉంటుంది. అక్కడ వెలుతురూ జనమూ చూసుకోవాలి. మూడోది తిథిని బట్టి ఉంటుంది, లేదా ముందే డబ్బు కట్టి ఆడించుకోవాలి. ఒకే ప్రయాణంలో మూడూ కలిసిరావడం చాలా అరుదు. ఒకటి గట్టిగా పట్టుకుని, రెండోది దొరికితే లాభమనుకుని వెళ్తే నిరాశ ఉండదు.

తొందరలో ఉన్నవాళ్ళకు మా తీర్పు ముందే చెప్పేస్తాం. పని చూడాలంటే రామప్ప దారి, అంటే హైదరాబాద్–వరంగల్ దారి. శిల్పానికి రామప్ప, చిత్రానికి లేపాక్షి. చిన్నపిల్లలుంటే విశాఖ వైపున్న లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక. ఆటకు ఆదిలాబాద్, అదీ తిథి కుదిరితేనే. కొండగాలి ముఖ్యం, కళ తర్వాత అనుకునేవాళ్ళకు అరకు.

పోచంపల్లి నుంచి రామప్ప దాకా

నాలుగింటిలో పనులు ఎక్కువ రకాలు, తిరుగుడు తక్కువ ఉన్న దారి ఇది. భూదాన్ పోచంపల్లి హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్లు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానోద్యమం మొదలైంది ఇక్కడే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చింది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు మగ్గం ముందు పది నిమిషాలు నిలబడి, రెండు చీరలు బేరమాడి వెళ్ళిపోవడం. నూలుకే కట్లు కట్టి రంగులద్ది నేసే ఇక్కత్‌లో అసలు తెలివంతా మగ్గం ఎక్కకముందే ఖర్చయిపోతుంది. పేకకు (అడ్డపోగుకు) వాడే నూలును ముందు అర్ధచంద్రాకారంలో మేకులు దిగ్గొట్టిన చట్రం మీద అటూ ఇటూ పోస్తారు. దీన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకే చేయి కొన్ని వేలసార్లు అటూ ఇటూ ఊగాలి. భుజాలు పడిపోయే ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. తల్లి పడే ఆ కష్టం చూసే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు యంత్రం ఉన్న ఇళ్ళే ఎక్కువ, చేత్తో ఆసు పోసే ఇల్లు కావాలంటే అడిగి వెళ్ళాలి.

ఆసు అయ్యాక ఆ నూలు మీద డిజైను గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు కోసిన సన్నటి రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. లేత రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, తర్వాత ముదురు రంగులో ముంచుతారు. కట్టు వదులైతే రంగు లోపలికి పాకుతుంది, అది నేతలో మరకలా తేలుతుంది. పడుగు, పేక రెండూ ఇలా కట్టి అద్దినదైతే డబుల్ ఇక్కత్. దాని ఖరీదు ఎందుకంతో మగ్గం పక్కన అర గంట కూర్చుంటే తెలుస్తుంది: ప్రతి పోగునూ పడుగు మీది రంగుకు సరిగ్గా ఆనేలా వేలితో జరుపుకుంటూ నేస్తారు.

ఈ దశలన్నీ ఒకే ఇంట్లో ఉండవు. ఆసు ఒక ఇంట్లో, అద్దకం ఇంకో చోట, నేత మరో చోట. దారి చూపే మనిషిని మాట్లాడుకునేటప్పుడు "మగ్గం చూపించండి" అనకుండా "ఆసు, కట్టడం, అద్దకం, నేత, నాలుగూ చూపించండి" అని అడగాలి. మూడు గంటలు పెట్టుకోండి. తేలియా రుమాలు మీద మనసుంటే పోచంపల్లి కాదు, పుట్టపాక వెళ్ళాలి. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్ళలోనూ మళ్ళీమళ్ళీ నానబెట్టి తీసే పని అది, ఆ నూనె వల్లే తేలియా అన్న పేరు.

జనగామకు ముందు రహదారి పక్కనే పెంబర్తి. ఇత్తడి రేకును కాచి, మెత్తబడ్డ లక్క మీద పరిచి, సన్నటి ఉలులతో కొట్టి బొమ్మ లేపుతారు. గుడి తలుపుల తొడుగులు, ధ్వజస్తంభం తొడుగులు, కలశాలు ఇక్కడి పాత పని. ఇక్కడ గంట చాలు. సుత్తి చప్పుడు వినిపించే ఇంటికి వెళ్ళండి. రోడ్డు మీది షోరూముల్లో పని కనిపించదు, సరుకే కనిపిస్తుంది.

చేర్యాల జనగామ నుంచి పక్కకు తిరిగితే వస్తుంది. నకాశీ పటాలు ఇక్కడివి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, తిరుమాని బంక కలిపిన పూత పలుసార్లు పూసి ఆరబెడితే గుడ్డ మీద గీత జారకుండా నిలుస్తుంది. వెనక ఎర్ర రంగు నింపడం ఈ పటాల ఆనవాలు. ఒకప్పుడు ఇవి మీటర్ల పొడవుండే చుట్టలు. కులపురాణం చెప్పే కథకులు ఒక్కో భాగం విప్పుతూ కథ నడిపేవారు. ఇప్పుడు అమ్మేవి ఎక్కువగా ఫ్రేములో ఇమిడే చిన్న బొమ్మలు. పని చేసే కుటుంబాలు చాలా తక్కువ, కాబట్టి ఫోను చేయకుండా వెళితే తాళం కనిపించే అవకాశం బాగా ఉంది.

పోచంపల్లి, పెంబర్తి, చేర్యాల మూడూ ఒకే రోజు కారులో తిరగడం కుదురుతుంది. కానీ అలా తిరిగితే మూడు దుకాణాలు చూసినట్టే అవుతుంది. మా లెక్కలో మొదటి రోజు పొద్దున పోచంపల్లి, మధ్యాహ్నం పెంబర్తి, రాత్రికి హనుమకొండ. రెండో రోజు తెల్లారకముందే బయల్దేరి రామప్ప గుడి ఉన్న పాలంపేట. చేర్యాలే కావాలనుకుంటే పెంబర్తి వదిలేయండి.

రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఎర్ర ఇసుకరాతి గోడల మీద నల్లగా నిగనిగలాడే మదనికలు (నాట్యభంగిమల్లో ఉన్న స్త్రీ విగ్రహాలు) చూరు కింద వాలుగా నిలబడి ఉంటాయి. వాటి కోసమే అయితే ఎండ ఏటవాలుగా పడే పొద్దున వేళ రావాలి. నడినెత్తి ఎండలో చూరు నీడ పడి ముఖాలు కనబడవు. లోపలి పైకప్పు చెక్కుడు చూడటానికి చిన్న టార్చి పట్టుకెళ్ళండి. చెప్పులు వదలాలి కదా, ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటితే రాతి మీద అడుగు పెట్టలేరు. నీళ్ళలో తేలే ఇటుకల కథ నిజమే గానీ అవి శిఖరంలో ఉన్నాయి, వెళ్ళినవాళ్ళకు తేల్చి చూపించేదేమీ ఉండదు. రామప్ప చెరువు పక్కనే. అదే దారిలో ఘనపురం కోటగుళ్ళు కూడా చూసుకోవచ్చు. అక్కడ జనం పలచగా ఉంటారు, శిథిలాల మధ్య తాపీగా తిరగొచ్చు.

లేపాక్షి, నిమ్మలకుంట

బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకు ఇది తేలిక, సుమారు 120 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచయితే ఒక రాత్రి ప్రయాణం లెక్కపెట్టుకోవాలి. హిందూపురం దగ్గర దిగితే అక్కడి నుంచి 15 కిలోమీటర్ల లోపే.

లేపాక్షి వీరభద్రస్వామి గుడికి వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, నంది ముందు ఫొటో దిగి, గంటలో బయటికొస్తారు. ఆ నంది ఏకశిల, 27 అడుగుల పొడవు, చూడాల్సిందే. కానీ ఈ గుడికి వందల కిలోమీటర్లు రావడానికి కారణం తల పైన ఉంది. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన మంటపాల పైకప్పుల మీద రామాయణ భారత కథలు, శివుడి కథలు బారులు బారులుగా గీసి ఉన్నాయి. బొమ్మల్లో మనుషుల తలపాగాలు, ఆడవాళ్ళ చీరల గళ్ళు, పూలు, అంచులు చూడండి. విజయనగరం రోజుల్లో ఏం కట్టుకున్నారో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. రంగులు చాలాచోట్ల మాసిపోయాయి. పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య మంటపంలోకి వెలుతురు చేరాక చూస్తే గీతలు తేటగా కనిపిస్తాయి. మెడ నొప్పి పుట్టకుండా అరచేతిలో చిన్న అద్దం పెట్టుకుని పైకప్పును అందులో చూసుకోవడం పాత చిట్కా, ఇప్పటికీ పనికొస్తుంది. పూర్తికాని కల్యాణ మంటపం పక్కన ఉన్న స్తంభాల మీద చెక్కిన అల్లికల్ని చూశాక, చీరల అంచుల్లో లేపాక్షి పేరుతో వచ్చే డిజైన్లు ఎక్కడివో ఎవరూ చెప్పక్కర్లేదు.

నిమ్మలకుంట ధర్మవరం దగ్గర. లేపాక్షికి పక్క ఊరనుకోవద్దు, మధ్యలో పెనుకొండ కొండలు దాటి వెళ్ళాలి. ఒక పూట దానికే కేటాయించండి. ఇక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలును శుభ్రం చేసి, వెంట్రుక తీసి, బిగలాగి ఎండబెట్టి, దీపం వెలుగు అవతలికి కనిపించేంత పలచగా చేస్తారు. బొమ్మ గీశాక నగలు, చీర అంచులు వచ్చే చోట రకరకాల ఉలులతో చిల్లులు కొడతారు. తెర మీద ఆ చిల్లులే రవ్వల్లా మెరుస్తాయి. రంగు రెండు వైపులా వేస్తారు, ఒకవైపే వేస్తే వెనక నుంచి దీపం పడ్డప్పుడు బొమ్మ వెలవెలబోతుంది.

ఆట చూడాలంటే కనీసం వారం ముందు ఏదో ఒక బృందంతో మాట్లాడుకోవాలి. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు, ఆడించేవాళ్ళు కలిసి రావాలి, చీకటి పడాలి. ఒక కుటుంబం కోసం ఆడించుకుంటే ఖర్చెక్కువ అనిపిస్తుంది, నలుగురైదుగురు స్నేహితుల కుటుంబాలు కలిస్తే తేలిక. "అరగంట చాలు" అని అడిగేవాళ్ళకు యుద్ధం ఘట్టం ఒకటి ఆడి సరిపెడతారు. జుట్టు పోలిగాడు, బంగారక్క వచ్చే హాస్యం కావాలని విడిగా చెప్పండి. పిల్లలు నిద్రపోకుండా చూసేది ఆ భాగమే.

ధర్మవరంలో పట్టు మగ్గాలున్నాయి, కానీ నేత చూడటమే ముఖ్యమైతే పోచంపల్లి మేలు. అక్కడ చూడ్డానికి దశలు ఎక్కువ.

ఏటికొప్పాక, అరకు

ఈ రెండింటినీ ఒకే రోజులో ఇరికించొద్దు. విశాఖకు ఏటికొప్పాక నైరుతిన, ఎలమంచిలి వైపు. అరకు వాయవ్యాన, సుమారు 115 కిలోమీటర్లు. ఒకటి చూసి రెండోదానికి వెళ్ళాలంటే మళ్ళీ విశాఖ దాకా వచ్చినట్టే.

వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో పని చూడటానికి పావుగంట చాలు, కానీ పిల్లలు గంట దాకా కదలరు. అంకుడు కర్ర ముక్కను లేతు మీద తిప్పుతూ ఉలితో గుండ్రంగా దించుతారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి, కర్ర చుట్టూ పట్టీలా పరుచుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో అదిమి పట్టుకుంటే మెరుపు వస్తుంది. నిప్పు లేదు, కుంచె లేదు. బొంగరం, కుంకుమ భరిణె, లక్కపిడతలు కళ్ళ ముందే తయారవుతాయి. చెట్ల నుంచి తీసిన రంగులతో ఈ పనిని నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

కొండపల్లి బొమ్మా ఇదీ ఒకటేనా అని అడుగుతుంటారు. కాదు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను చెక్కి, చేతులూ కాళ్ళూ విడిగా చేసి, రంపపు పొట్టు, చింతగింజల గుజ్జు కలిపిన మక్కుతో అతికిస్తారు, పైన రంగు వేస్తారు. గుండ్రంగా తిరిగే ఆకారమైతే ఏటికొప్పాక, అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే మనిషి అయితే కొండపల్లి. విజయవాడ మీదుగా వెళ్ళేవాళ్ళకు కొండపల్లి ఒక పూట పని, కోట కూడా కలుస్తుంది.

అరకు సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. లోయ అందంగా ఉంటుంది, సొరంగాల్లోంచి పోయే రైలు బాగుంటుంది, అక్టోబరు చివరి నుంచి వలిసె పూలు విచ్చాక కొండవాలు పసుపు పరుచుకుంటుంది. గిరిజన మ్యూజియంలో ఇళ్ళు, పనిముట్లు, పెళ్ళి తంతు బొమ్మలతో చూపిస్తారు, గంటన్నర హాయిగా గడుస్తుంది. అయితే కళ కోసమే వెళ్ళేవాళ్ళకు అది చాలదు. థింసాలో బోడ, గుండేరి, భాగ్ అంటూ ఎన్నో రకాలు, తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు వాయిస్తారు. రిసార్టుల్లో ఆడేది అందులో ఓ ముక్క. చైత్రంలో ఊళ్ళల్లో పండగ జరిగేటప్పుడు ఆడేదాన్ని చూడాలంటే ఆ ఊరివాళ్ళు పిలవాలి, పిలవకుండా కెమెరాతో దిగిపోవడం మర్యాద కాదు. వానాకాలంలో ఘాట్ మీద కొండచరియలు జారి రోడ్డూ రైలూ ఆగిపోయే రోజులుంటాయి, తిరుగు టికెట్‌కు ఒక రోజు వెసులుబాటు పెట్టుకోండి.

ఆదిలాబాద్

తిథి కుదిరితే నాలుగింటిలో ఇదే మొదటిది, కుదరకపోతే ఆఖరుది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర, దీపావళి రోజుల్లో గోండు గూడేల్లో దండారీ, గుస్సాడీ నృత్యాలు. నెమలి ఈకల టోపీలతో ఆడే గుస్సాడీలు ఆ రోజుల్లో దీక్షలో ఉంటారు. ముట్టుకోవడం, టోపీ పెట్టుకుని సెల్ఫీ దిగడం వద్దు. జాతరలో గోండుల్లోని మెస్రం వంశీయుల పూజలు వాళ్ళవి, బయటివాళ్ళు దూరం నుంచి చూడాలి. కుంటాల జలపాతం నిండుగా ఉండేది వానల తర్వాత, అంటే దీపావళి ప్రయాణానికి కలుస్తుంది గానీ జాతర నాటికి నీరు సన్నబడుతుంది. ఉషేగావ్‌లో ఓజా కళాకారుల డోక్రా పని, అంటే ఇత్తడి పోత పని చూడొచ్చు. మైనం తీగలతో బొమ్మ చుట్టి, మట్టి పూసి కాల్చి, కరిగి పోయిన మైనం జాగాలో ఇత్తడి పోస్తారు, తర్వాత అచ్చు పగలగొడతారు, అందుకే ఏ రెండూ ఒకేలా రావు. పోత పోసే రోజు ఎప్పుడో ముందే కనుక్కుని వెళ్ళాలి. మిగతా రోజుల్లో మైనం చుట్టడమే కనబడుతుంది. దూరాలు ఎక్కువ, బస ఊళ్ళు తక్కువ. రెండు రోజులు బొటాబొటిగా సరిపోతాయి.

రోజు, వేళ

చేతిపని ఊళ్ళకు ఆదివారం వెళ్ళడమే అన్నింటికంటే మామూలు తప్పు. శుక్ర, శనివారాలు పెట్టుకోండి. నేత ఊళ్ళల్లో చాలాచోట్ల అమావాస్య నాడు మగ్గం ఎక్కరు, కాబట్టి క్యాలెండరు చూడండి. ఆదిలాబాద్‌కు అమావాస్యే కావాలి, పోచంపల్లికి అమావాస్యే వద్దు. ముసురు పట్టిన రోజుల్లో గుంట మగ్గాల్లోకి నీరు ఊరుతుంది, అద్దిన నూలు ఆరదు, తోలు ఆరదు, పటం పూత ఆరదు. పని దాదాపు ఆగిపోతుంది. వేళ అంటే పొద్దున తొమ్మిది నుంచి పన్నెండున్నర, మళ్ళీ మూడు నుంచి ఐదు. మధ్యలో భోజనాలూ కునుకూ. సంక్రాంతికి ముందు కొండపల్లిలో బొమ్మల కొలువు గిరాకీ వల్ల పని జోరుగా ఉంటుంది, మీతో మాట్లాడే తీరిక ఉండదు.

కొనేటప్పుడు

ఇక్కత్ గుడ్డ తిరగేసి చూడండి. రెండు వైపులా రంగు ఒకేలా ఉండాలి, డిజైను అంచులు కొద్దిగా చెదిరినట్టుండాలి. అంచులు కత్తిరించినట్టు నున్నగా ఉండి వెనక వెలిసినట్టుంటే అది ప్రింటు. తోలుబొమ్మను వెలుగుకు అడ్డం పెట్టి చూస్తే తోలు మందం అక్కడక్కడా మారుతూ, సన్నటి నరాల జాడ కనిపిస్తుంది. ఎక్కడ చూసినా ఒకే తీరుగా ఉంటే ప్లాస్టిక్ షీటేమో అని అనుమానించాలి. లాంపుషేడ్‌లో వేడెక్కే బల్బు వద్దు, ఎల్ఈడీ పెట్టండి, తడిగుడ్డ తగలనివ్వకండి. తడి తగిలితే తోలు వంకర తిరుగుతుంది, బూజు పడుతుంది.

లక్క బొమ్మను ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే లక్క మెత్తబడి వేలిముద్రలు పడతాయి. శానిటైజరుతో తుడిస్తే స్పిరిట్‌కు పూత కరిగి జిడ్డు పడుతుంది. పొడిగుడ్డ చాలు. పెంబర్తి ఇత్తడిని వేలితో నొక్కి చూడండి, సులువుగా వంగితే రేకు మరీ పలచన. చేర్యాల పటాన్ని మడవకూడదు, మడత దగ్గర సుద్ద పూత పగులుతుంది. బొమ్మ పైకి వచ్చేలా గొట్టానికి చుట్టి ఇమ్మనండి.

ఏమీ కొనే ఉద్దేశం లేకుండా గంటసేపు పని చూడాలనుకుంటే ముందే ఆ మాట చెప్పి, చూపించినందుకు ఎంతివ్వాలో అడిగి ఇవ్వండి. ఒక మనిషి గంట పని ఆగితే ఆ రోజు కూలి తగ్గినట్టే. ఆ మాట ముందే తేలితే వాళ్ళూ ఏ దశా దాటవేయకుండా చూపిస్తారు.